పక్కకు జరగాల్సింది ఎవరు?

ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ చేస్తూనే పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ అల్లారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అడుగు లయ పట్టుకుంటే మాటా లయ పట్టుకుందని, నడక ముదిరి నాట్యమైందని ఆ కావ్యం విన్నవాళ్లకు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. అయితే కాళ్లు నడుస్తుంటే మనసు అంత దూరం పోవడానికి ఒక వసతి కావాలి. గుడి ప్రాకారం లోపల అది ఉంటుంది. చుట్టూ బండపరుపు. అందరూ ఒకే దిక్కుకు తిరుగుతారు. ముందు ముసలమ్మ మెల్లగా అడుగులేస్తుంటే వెనక వచ్చే కుర్రవాడు తనే తప్పుకుని దాటిపోతాడు. ఎవరూ ఎవరినీ అదిలించరు. కాలు ఎక్కడ పడుతుందో అని నేలకేసి చూడాల్సిన పని లేదు.

అదే మనిషి గుడి దాటి వీధిలో కాలుపెడితే చూపంతా నేల మీదే.

ప్రొద్దుటూరు నడిబొడ్డున ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల మురుగుకాలవ మీద పరిచిన బండలే. ఒకటి పగిలి ఉంటుంది, ఒకటి కాలు పెట్టగానే ఊగుతుంది. మూడోదాని మీదికి అంగడి మెట్లు దిగి ఉంటాయి, నాలుగోదాన్ని కరెంటు స్తంభం ఆక్రమించి ఉంటుంది, ఆపైన వరసగా మోటారు సైకిళ్లు. నడిచేవాడు రోడ్డు మీదికి దిగక తప్పదు. దిగగానే వెనకనుంచి హారన్. ‘సూసుకోని పోప్పా’, ‘పక్కకు జరుగు పెద్దాయనా’. దేశమంతా ఇళ్లలో పరుచుకునే నల్లటి కడప బండ ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల గనుల నుంచే పోతుంది. నాపరాయి పుట్టిన సీమలోనే పాదానికి నాలుగు అడుగుల వెడల్పు సమతలం కరువైంది. 2011 జనగణన నాటికే ప్రొద్దుటూరు పట్టణ జనాభా 1.63 లక్షలు దాటింది. బంగారం అంగళ్లకు, బట్టల కొట్లకు చుట్టుపక్కల మండలాలన్నీ వచ్చే ఊరు ఇది. బస్సు దిగిన ప్రతి మనిషీ ఆ తర్వాత నడిచే మనిషే.

‘జరుగు’ అన్నది చిన్న మాట కాదు. దారిలో ఇద్దరు ఎదురైనప్పుడు ఎవరు తప్పుకోవాలన్న ప్రశ్న మున్సిపల్ ఇంజనీరు బల్ల మీదికి రాకముందే రుషుల ముందుకు వచ్చింది.

భారతం ఆదిపర్వంలో కల్మాషపాదుడి కథ ఉంది. వేటాడి అలసిపోయిన రాజు అడవిలో ఒక్క మనిషే పట్టే సన్నటి బాటలో వస్తున్నాడు. ఎదురుగా వసిష్ఠుడి పెద్ద కొడుకు శక్తి. తప్పుకో అన్నాడు రాజు. తప్పుకోవాల్సింది నువ్వే, ధర్మం అలా చెబుతోంది అన్నాడు ముని. ఇద్దరిలో ఎవరూ జరగలేదు. రాజు కొరడా ఎత్తాడు, ముని శపించాడు. రాక్షసుడైపోయిన ఆ రాజు మొదట శక్తినే తిన్నాడు, తర్వాత వసిష్ఠుడి మిగతా కొడుకులందరినీ తిన్నాడు. బాట ఇరుకు కావడంతో మొదలైన మాటామాటా నూరుగురిని మింగింది. రోడ్డు మీద కోపం ఎంత దూరం పోతుందో ఇంతకన్నా బాగా చెప్పిన కథ మరొకటి ఉందా అన్నది అనుమానమే. ఇందులో ఇద్దరిదీ తప్పే. ఒకడు అధికారాన్ని చూపించాడు, మరొకడు పుట్టుకను చూపించాడు. ఎదుటివాడి అలసట ఇద్దరికీ కనిపించలేదు.

అరణ్యపర్వంలోని అష్టావక్రుడి కథ ఇంకొంచెం ముందుకు నడుస్తుంది. ఎనిమిది వంకరల శరీరంతో ఆ పిల్లవాడు జనకుడి యాగశాలకు నడిచి పోతుంటే రాజు ఎదురవుతాడు. తొలగమంటారు. దారి ముందుగా గుడ్డివాడిది, చెవిటివాడిది, స్త్రీది, బరువు మోసేవాడిది, ఆ తర్వాతే రాజుది అని పిల్లవాడు లెక్క చెబుతాడు. బ్రాహ్మణుడు ఎదురైతే దారి అతడిదేనని చివర కలుపుతాడు. జనకుడు వాదించకుండా పక్కకు తప్పుకుంటాడు. మనుస్మృతి రెండో అధ్యాయంలోనూ ఇలాంటి జాబితా ఒకటి ఉంది. బండి మీద పోయేవాడికి, తొంభై దాటిన ముసలివాడికి, రోగికి, బరువు మోసేవాడికి, స్త్రీకి, స్నాతకుడికి, రాజుకు, పెళ్లికొడుక్కి దారి ఇవ్వాలట.

ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సూత్రం బయటపడుతుంది. రాజునూ బ్రాహ్మణుడినీ స్నాతకుడినీ పెళ్లికొడుకునూ కాసేపు పక్కన పెడితే, మిగిలిన వాళ్లంతా తేలిగ్గా తప్పుకోలేని వాళ్లు. గుడ్డివాడు చూడలేడు, చెవిటివాడు వినలేడు, బరువు మోసేవాడు ఒక్క అడుగు పక్కకు వేసినా మూట జారుతుంది. బండికి తొలి స్థానం ఇవ్వడమూ ఇలాగే అర్థమవుతుంది. గాడిలో పడిన ఎడ్లబండిని పక్కకు తీయాలంటే ఇద్దరు మనుషులు భుజం పెట్టాలి. ఎవరికి జరగడం కష్టమో వాళ్లకు దారి. ఈ కొలతతో ఇవాళ్టి కొర్రపాడు రోడ్డును, మైదుకూరు రోడ్డును చూస్తే జాబితా తలకిందులవుతుంది. వేలితో బ్రేకు నొక్కితే ఆగే బండికి జరగడం ఏమంత కష్టం? ఒకవైపు కాలవ, మరోవైపు బస్సు, చేతిలో కూరగాయల సంచి, మోకాళ్ల నొప్పి ఉన్న అరవై ఏళ్ల మనిషికి జరగడమే కష్టం. శాస్త్రం అక్షరాన్ని పట్టుకుంటే కారుకు దారి, దాని మనసును పట్టుకుంటే ముసలమ్మకు దారి.

ఆ జాబితాల్లో చీకటి కూడా ఉంది, దాన్ని దాచకూడదు. దారి మీదికే రానివ్వని మనుషుల సంగతి వాటిలో లేదు. రాయలసీమ పల్లెల్లో దళితులు ఊరి నడివీధి దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని పోవాల్సి వచ్చిన కాలం పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఇంకా ఉంది. కేరళలోని వైక్కంలో 1924లో మొదలైన సత్యాగ్రహం కోరింది గుడి ప్రవేశం కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు. అందుకే రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లను కూడా పేరుపెట్టి చెప్పింది. నడవడం ఎన్నడూ ఉత్త వ్యాయామం కాదు. ఎవరు మనిషో, ఎవరు కాదో తేల్చింది ఈ దేశంలో చాలాసార్లు దారే.

శంకరాచార్యుల జీవితంలోనూ ఆ ప్రశ్న దారి మీదే ఎదురైందని సంప్రదాయం చెబుతుంది. కాశీలో గంగకు పోతున్న ఆచార్యుడు ఎదురైన చండాలుడిని తొలగిపొమ్మన్నాడు. ‘తొలగాల్సింది ఈ శరీరమా, లోపలి ఆత్మా? శరీరమైతే రెండూ అన్నంతో పెరిగినవే. ఆత్మైతే అది అంతటా ఉన్నదే, ఎక్కడికి తొలగుతుంది?’ అన్నది ఆ మనిషి అడిగిన దాని సారం. జగద్గురువు అక్కడే చేతులు జోడించాడు. మనీషా పంచకం పుట్టింది ఈ ఘట్టంలోనే. అద్వైతం మీద ఉపన్యాసాలు వినేవాళ్లు ప్రొద్దుటూరులో తక్కువేం లేరు. ఉపన్యాసం అయ్యాక కారెక్కి హారన్ కొట్టేముందు ఈ కథ ఒక్కసారి గుర్తుకొస్తే బాగుంటుంది. హారన్ అంటే ‘తొలగు’ అనడమే. తొలగాల్సింది ఏది అన్న ప్రశ్న అప్పటిలాగే ఉంది.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. ఇసుకలో కూరుకుపోయిన జైన ఆలయాన్ని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో పురావస్తు శాఖ తవ్వి తీసింది. రాష్ట్రకూటుల కాలం నాటికి ఇది పేరున్న జైన క్షేత్రం. ఇక్కడికి వచ్చిన మునులు ఎంత దూరం నుంచైనా కాళ్లతోనే వచ్చి ఉంటారు, ఎందుకంటే జైన ముని వాహనం ఎక్కడు, ఇవాళ్టికీ ఎక్కడు. ఆ మునికి నడకకే ఒక వ్రతం ఉంది. దాని పేరు ఈర్యా సమితి. నడిచేటప్పుడు నాలుగు మూరల ముందు నేలను చూస్తూ నడవాలి, కాలి కింద చీమ కూడా నలగకూడదు. పగటి వెలుతురులోనే నడవాలి, పచ్చిక మీద అడుగు వేయకూడదు.

ఈ నియమం చెప్పే మాట లోతైనది. పెద్ద శరీరం ఉన్నవాడిదే చూసుకునే బాధ్యత. చీమ మునిని చూసి తప్పుకోవాలని ఎవరూ అనలేదు. హుబ్లీ వైపు నుంచి కృష్ణపట్నం రేవు దాకా పోయే 67వ నంబరు జాతీయ రహదారి ఈ జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగానే పోతుంది. ఆ దారి పక్క ఊళ్ల పిల్లలకు బడిలో నేర్పే పాఠం మాత్రం చీమకు చెప్పే పాఠమే. కుడివైపు చూడు, ఎడమవైపు చూడు, పరుగెత్తు. ఆడపిల్లలు బడి మానకూడదని ప్రభుత్వం ఒకప్పుడు ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు పంచింది. సైకిలు ఇవ్వడం మంచి పని. ఆ సైకిలు ఎక్కిన పిల్ల సిమెంటు లారీకీ రోడ్డు అంచులోని గుంతకూ మధ్య ఉన్న జానెడు తారు మీద తొక్కాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం సైకిలు బాట కనీసం రెండు మీటర్లు ఉండాలి, కాలిబాట అడ్డం లేకుండా 1.8 మీటర్లు ఉండాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్లలో ఆ కొలతకు సరిపోయే బాట ఒక మూల నుంచి మరో మూల దాకా తెగకుండా పోవడం మాత్రం కనబడదు. తెగిపోవడమే అసలు చిక్కు. వంద అడుగులు బాగున్న ఫుట్‌పాత్ నూటొకటో అడుగులో రోడ్డు మీదికి తోస్తే, చక్రాల కుర్చీ మీద వచ్చేవాడికి ఆ వంద అడుగులూ లేనట్టే.

మసీదులకు నడిచి పోయేవాళ్లు ఈ ఊళ్లలో వేలమంది. నమాజుకు వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉందని ఇస్లాం సంప్రదాయం చెబుతుంది. దారిలోని ముల్లునో రాయినో తీసి పక్కన వేయడం విశ్వాసంలో ఒక కొమ్మ అని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. ఈ మాటను మున్సిపాలిటీ గోడ మీద రాయించినా తప్పులేదు. దారి బాగుచేయడం సేవ కాదు, ఈమానులో భాగం. అశోకుడు దారుల వెంట చెట్లు నాటించాను, బావులు తవ్వించాను, మనుషులకూ పశువులకూ అని రాయి మీద చెక్కించిన శాసనాల ప్రతి గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర నేటికీ ఉంది. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ మొదట పోయేది ఆ నీడే. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే సీమలో నీడ లేని కాలిబాటను కాలిబాట అనలేం.

చేతకాకనా ఇదంతా? కాదనడానికి సాక్ష్యం అలిపిరి. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి, పైన కప్పు, పక్కన తాగునీళ్లు, రాత్రి దీపాలు, కూర్చోవడానికి అరుగులు. రాయలసీమలో ఇంతకు మించిన కాలిబాట లేదు. ఎనిమిదేళ్ల అన్నమయ్య చెప్పులతో కొండెక్కి సొమ్మసిల్లాడని, అమ్మవారు కనిపించి చెప్పులు విడవమందని చెప్పే కథలో ఆ కొండంతా దేవుడి శరీరమే. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుతపులి ఒక చిన్నపిల్లను పొట్టన పెట్టుకుంది. వెంటనే బోనులు పెట్టారు, పిల్లలతో నడిచే వేళలు మార్చారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. ఒక ప్రాణం పోతే దారి మారింది. అలా మారడమే సరి.

మరి ఊరి రోడ్డు మీద పిల్ల పోతే? ‘నూకలు చెల్లినాయి’ అంటారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైనవాళ్లు 1,68,491 మంది, అందులో నడిచి పోతున్నవాళ్లు 32,825 మంది, సైకిలు మీద ఉన్నవాళ్లు 4,836 మంది. ఇంతమందికీ నూకలు ఒకే తీరున చెల్లవు. పగిలిన బండ ఎవరి పూర్వకర్మ? దాన్ని ఎవరో వేశారు, ఎవరో బాగుచేయకుండా వదిలేశారు. ఒంటి చక్రంతో రథం కదలనట్టే పురుష ప్రయత్నం లేకుండా దైవం ఫలించదని యాజ్ఞవల్క్య స్మృతి ఎప్పుడో చెప్పింది. కర్మ సిద్ధాంతాన్ని ఓదార్పుగా వాడుకోవడం మానవ సహజం, కన్నవాళ్ల దుఃఖానికి అది కావాలి కూడా. దాన్ని ఫైలు మూసేయడానికి వాడుకోవడం మాత్రం అధర్మం.

పులివెందులకు వస్తే కథ కాస్త వేరు. రింగు రోడ్డు ఉంది, వెడల్పు రోడ్లు ఉన్నాయి. వెడల్పైన రోడ్డు బండికి వరం, దాన్ని దాటాల్సిన మనిషికి ఏరు. మధ్యలో ఆగడానికి చోటు లేకపోతే ముసలివాళ్లు రోడ్డుకు అవతల ఉన్న అంగడికి పోవడమే మానుకుంటారు. ఈ ప్రాంతానికి నడకతో ఉన్న బంధం మామూలుది కాదు. జమ్మలమడుగులో పుట్టి పులివెందుల నుంచి రాజకీయాల్లోకి వెళ్లిన వై.ఎస్.రాజశేఖర రెడ్డి 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. ఆయన కొడుకు 2017 నవంబరులో పక్కనే ఉన్న ఇడుపులపాయ నుంచి బయలుదేరి 3,648 కిలోమీటర్లు నడిచారు. చంద్రబాబు నాయుడు 2012లో హిందూపురం నుంచి నడిచారు. నాయకుడు నడిస్తే జనం నమ్ముతారు, ఎందుకంటే నడిచేవాడు అందరికీ అందేంత దగ్గర్లో, అందరి ఎత్తులో ఉంటాడు. పాదయాత్ర రోజు రోడ్డు మీద వాహనాలను ఆపుతారు. ఆ మర్నాడు అదే రోడ్డు మీద పాలకేంద్రానికి క్యాను తగిలించుకుని సైకిలు తొక్కే మనిషికి ఆ మర్యాదలో పదో వంతు దక్కినా చాలు. ఇది ఏ ఒక్క పార్టీనీ ఉద్దేశించిన మాట కాదు, అన్ని పార్టీలూ నడిచాయి.

పాపఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి దగ్గరికి శ్రావణ శనివారాలలో జనం కదలడం చూస్తే నడక ఈ నేల మీద ఎంత బతికి ఉందో తెలుస్తుంది. రాముడు బాణం మొనతో బండ మీద గీసిన ఆంజనేయుడికి చిటికెన వేలు పూర్తికాలేదని అక్కడి స్థలపురాణం. భక్తుల నడకలో చీకటివేళ రోడ్డు అంచే గతి. మట్టి అంచు రెండు మీటర్లు చదును చేసి, అక్కడక్కడ వేపచెట్టు నాటితే చాలు, మిగతా పదకొండు నెలలూ అది బడిపిల్లల సైకిలు బాట అవుతుంది.

2025 మే 14న సుప్రీంకోర్టు అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని, వికలాంగులకు కూడా అనువుగా ఉండాలని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రాలు దీనికి నియమాలు రాయాలని గడువు పెట్టింది. చట్టం తన పని చేసింది. ఇక్కడ తేలాల్సిన ధర్మసంకటం ఇంకొకటుంది, దాన్ని దాటవేస్తే ఈ చర్చ నిజాయితీగా ఉండదు. ఫుట్‌పాత్ ఖాళీ చేయండి అనగానే మొదట ఎత్తేసేది పూలమ్మే ఆమె బుట్టను, జామకాయల బండిని. పెద్ద కొట్టు బయట పెట్టిన సామాను, కారు పార్కింగు అలాగే ఉంటాయి. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది, వాళ్లకు చోటు చూపించకుండా లేపకూడదు. అష్టావక్రుడి లెక్కలో పూలబుట్ట ఎత్తుకున్న ఆడమనిషికి రెండు విధాల దారి హక్కు ఉంది, స్త్రీగా ఒకటి, బరువు మోసేదిగా ఒకటి. తొలగాల్సింది ముందు నిలిపి ఉంచిన వాహనం. ఆ తర్వాత అంగడి మెట్లు. బుట్ట సంగతి చివరిది, దానికి నాలుగడుగుల చోటు గీసి ఇస్తే సరిపోతుంది.

ప్రొద్దుటూరు దసరాకు అమ్మవారిశాల నుంచి తొట్టి మెరవణి బయలుదేరే రాత్రి ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. బండ్లను మళ్లిస్తారు, బారికేడ్లు కడతారు. పసిపిల్లలను భుజాన ఎత్తుకున్న తండ్రులు, పట్టుచీరల ముత్తైదువలు, బురఖాల్లో వచ్చి పక్కన నిలబడి చూసే అమ్మలు, చేతికర్ర పోటు వేసుకుంటూ వచ్చే తాతలు, అందరూ నడిరోడ్డు మీద నడుస్తారు. ఆ రాత్రి వ్యాపారం పడిపోయిందని అంగళ్లవాళ్లు గోల పెట్టగా విన్నవారు అరుదు. కొలంబియాలోని బొగొటాలో 1974 నుంచి ఆదివారాలు ముఖ్యమైన రోడ్లను బండ్లకు మూసి నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదులుతున్నారు. అక్కడ దానికి దేవత లేదు, ఇక్కడ అమ్మవారే దారి చూపిస్తోంది. మెరవణి మర్నాడు పొద్దున బారికేడ్లను లారీకెక్కించేటప్పుడు నాలుగింటిని దించి ఉంచుకుని, వచ్చే ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా గాంధీ రోడ్డు రెండు మొగదలలా పెట్టి చూడవచ్చు. ఆ మూడు గంటల్లో ఎవరెవరు బయటికి వస్తారో, ఎక్కడ బండ ఊగి తడబడతారో, ఎక్కడ నీడ కోసం ఆగుతారో ఒక మనిషి పుస్తకంలో రాసుకుంటే, ఏ బండ ముందు మార్చాలో, ఏ చెట్టు ఎక్కడ నాటాలో మున్సిపాలిటీకి ఆ రోజే తెలుస్తుంది.